వాళ్లు మారారా, లెక్క మారిందా? నర్సింగ్ హోముల్లో ఉండేవాళ్ల జనాభా మార్పు

#1 · పడకల పద్దు

ముందే ఒక మాట. ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే మనవాళ్లు మామూలుగా అనే చిన్న ప్రైవేటు ఆసుపత్రి కాదు. లేవడానికి, తినడానికి, స్నానానికి ఇంకొకరి చెయ్యి కావలసినవాళ్లు నెలలూ ఏళ్లూ ఉండే సంరక్షణ కేంద్రం.

100 పడకల హోముకి పదేళ్ల రికార్డు ఉందనుకోండి. ఏటా ఒకే తేదీన ఉన్నవాళ్ల జాబితా తీస్తే సగటు వయసు దాదాపు అంతే, ఖాళీ పడకలూ అంతే. పని మాత్రం బాగా పెరిగిందని నర్సులు, ఆయాలు అంటారు. జాబితా తప్పా, వాళ్ల మాట తప్పా? ఏం కొలిస్తే తేలుతుంది?

#2 · లెక్కల మాస్టారు

రెండూ ఒప్పే కావచ్చండీ. ఒక్కరోజు జాబితా అంటే చెరువులో నీటిమట్టం. పై నుంచి ఎంత వచ్చి పడుతోంది, తూము గుండా ఎంత పోతోంది అన్నది మట్టం చూస్తే తెలియదు.

పట్టుకోవలసిన సూత్రం ఒక్కటే: ఉన్నవాళ్ల సంఖ్య = ఏడాదికి చేరికలు × సగటున ఉండే కాలం (ఏళ్లలో). క్యూల లెక్కల్లో దీన్ని లిటిల్ సూత్రం అంటారు, 1961లో జాన్ లిటిల్ నిరూపించాడు. హోముకి అచ్చంగా సరిపోతుంది, రాకపోకలు కొంతకాలం నిలకడగా ఉంటే చాలు.

ఊహాలెక్క ఒకటి వేసుకుందాం. 100 మందిలో 60 మంది దీర్ఘకాలం ఉండేవాళ్లు, సగటున 2 ఏళ్లు. అంటే వాళ్ల వైపు నుంచి ఏడాదికి 30 చేరికలు. మిగతా 40 పడకల్లో ఆపరేషనో ఎముక విరగడమో అయి కోలుకోవడానికి వచ్చేవాళ్లు, సగటున 30 రోజులు. 40 × 365 ÷ 30 = సుమారు 487 చేరికలు. మొత్తం 517. ఏ రోజు జాబితా తీసినా స్వల్పకాలం వాళ్లు 40 శాతమే కనిపిస్తారు. గుమ్మం దాటి లోపలికి వచ్చేవాళ్లలో మాత్రం వాళ్లు 94 శాతం. ఒకే హోము, ఒకే ఏడాది. "ఇక్కడ ఉండేవాళ్లు ఎవరు" అన్న ప్రశ్నకి రెండు జవాబులు, రెండూ సరైనవే.

ఇప్పుడు ఆ 60 మంది ఉండే కాలం రెండేళ్ల నుంచి ఏడాదిన్నరకి తగ్గిందనుకోండి. పడకలన్నీ నిండే ఉంటాయి, జాబితా మారదు. చేరికలు మాత్రం 30 నుంచి 40కి పెరుగుతాయి, మరణాలూ అంతే. పని పెరిగిందని ఆయాలు అంటున్నది ఇదే కావచ్చు.

#3 · షిఫ్ట్ ఇన్‌ఛార్జి

మాస్టారు చెప్పిన 30 నుంచి 40 కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది. ఒక్కో చేరికకి ఎంత పని పడుతుందో చూడండి. తల నుంచి మడమ దాకా చర్మం పరీక్ష (ఆసుపత్రి నుంచి వస్తూనే ఉన్న పడకపుండు మొదటిరోజే రాయకపోతే హోములోనే వచ్చిందని లెక్కలోకి వెళుతుంది), బరువు, మింగడంలో ఇబ్బంది ఉందేమో, పడిపోయే ప్రమాదం ఎంత, ఆసుపత్రి మందుల చీటీకీ ఇంటి మందులకీ పొంతన కుదర్చడం, కుటుంబంతో మాట్లాడడం.

అమెరికా నిబంధనల్లో దీనికి గడియారమే ఉంది. 48 గంటల్లో ప్రాథమిక సంరక్షణ ప్రణాళిక, 14వ రోజుకల్లా పూర్తి మదింపు, అది ముగిసిన 7 రోజుల్లో సమగ్ర ప్రణాళిక. ఆ తర్వాత మూడు నెలలకోసారి, 92 రోజులు దాటకుండా. రెండేళ్లుగా ఉన్న ఒక మనిషి నర్సు నుంచి అడిగే కాగితం పని, ఈ నెలలో వచ్చిన ఒక మనిషి అడిగే పనితో పోలిస్తే ఏ మూలకీ రాదు. అందుకని ఒక్కో పడకకి ఇంత మంది సిబ్బంది అన్న లెక్క ఒక్కటే సరిపోదు, ఒక్కో చేరికకి ఇన్ని గంటలు అన్న వరుస పక్కన వేయాలి.

#4 · పడకల పద్దు

అర్థమైంది. మరి సగటున ఉండే కాలం ఎలా తీయాలి? ఉన్నవాళ్లు చేరి ఎన్నాళ్లయిందో కూడి భాగిస్తే సరిపోదా?

#5 · లెక్కల మాస్టారు

సరిపోదు. ఎక్కువ మంది జారేది ఇక్కడే.

ఒక రోజు వెళ్లి చూస్తే, ఏళ్ల తరబడి ఉండేవాళ్లు మీ కంట పడే అవకాశమే ఎక్కువ. మూడు వారాలకి వెళ్లిపోయినవాళ్లు ఆ రోజున ఉండరు. అమెరికా జాతీయ నర్సింగ్ హోమ్ సర్వే 1999 అంకెలే చూడండి. ఆ రోజు ఉన్నవాళ్లు అప్పటికి గడిపిన కాలం సగటున 892 రోజులు. ఆ ఏడాది వెళ్లిపోయినవాళ్లు ఉన్న కాలం సగటున 272 రోజులు. రెండింటినీ "సగటు నివాసకాలం" అనే రాస్తారు. ఒక ఏడాది మొదటిదీ, మరో ఏడాది రెండోదీ తీసుకుంటే మార్పు మూడింతలు కనిపిస్తుంది, జరిగింది మాత్రం ఏమీ ఉండదు.

వెళ్లినవాళ్ల సగటు కూడా పూర్తి జవాబు కాదు, ఇంకా ఉన్నవాళ్లు అందులో రారు కనక. హోము కొత్తదైతే మరీ మోసం: తెరిచి రెండేళ్లయిన హోములో ఎవరూ రెండేళ్లు దాటి ఉండలేరు కదా. సరైన పద్ధతి కాప్లాన్-మయర్ వక్రరేఖ. ఫలానా ఏడాది చేరినవాళ్లందరినీ తీసుకుని 30, 90, 180, 365 రోజులకి ఎంతమంది ఇంకా ఉన్నారో గీయడం. ఇంకా ఉన్నవాళ్లని "ఇప్పటిదాకా ఇంత" అని గుర్తుపెట్టి లెక్కలోనే ఉంచాలి. రికార్డు మొదలయ్యే నాటికే హోములో ఉన్నవాళ్లని మాత్రం వాళ్లు చేరిన రోజు నుంచి కాక రికార్డు మొదలైన రోజు నుంచే గమనంలోకి తేవాలి. లేకపోతే వాళ్లకంటే ముందు వచ్చి ముందే పోయినవాళ్లు మాయమై, అందరూ దీర్ఘకాలం ఉన్నట్టు తేలుతుంది.

సగటు కంటే మధ్యమం (అందరినీ వరుసలో పెడితే సరిగ్గా నడుమ వచ్చే విలువ) చూడండి. హోముల్లో చనిపోయిన వృద్ధుల మీద 2010లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో చేరిక నుంచి మరణం దాకా మధ్యమం 5 నెలలు, సగటు దాదాపు 14 నెలలు. సగానికి పైగా ఆరు నెలల్లోపే పోయారు. ఏళ్ల తరబడి ఉన్న కొద్దిమంది సగటుని పైకి లాగేశారు.

#6 · మనోరోగ వార్డు

ఇదే పొరపాటు జబ్బుల శాతాల్లోనూ దూరుతుంది. డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన తగ్గిపోతూ వచ్చే జబ్బు) ఉదాహరణ, ఊహాలెక్కే. ఏడాదికి 40 మంది చేరతారు, సగం మందికి డిమెన్షియా. అది ఉన్నవాళ్లు సగటున రెండున్నరేళ్లు, లేనివాళ్లు ఒక ఏడాది ఉంటారు. లోపల డిమెన్షియా ఉన్నవాళ్లు 50 మంది, లేనివాళ్లు 20 మంది. జాబితాలో 71 శాతం, చేరికల్లో 50 శాతం. డిమెన్షియా ఉన్నవాళ్లు ఇంకొంచెం ఎక్కువకాలం బతికేలా సంరక్షణ మెరుగైనా జాబితాలో ఆ శాతం పెరుగుతుంది. దాన్ని చూసి బయట జబ్బు విపరీతంగా పెరుగుతోందని రాసేస్తే తప్పు.

#7 · ఏటిగట్టు

అంతా సరే కానీ, పెద్ద చిత్రం తేలికే కదా. మనుషులు ఎక్కువకాలం బతుకుతున్నారు, కాబట్టి హోముల్లో ఉండేవాళ్ల వయసు పెరుగుతోంది. దీనికింత తతంగమెందుకు?

#8 · సర్వే పాతకాపు

ఏటిగట్టు గారూ, తేలికగా కనిపించేదే తప్పుతోంది. అమెరికా అంకెలే తీసుకుందాం. 2004లో నివాసితుల్లో 85 దాటినవాళ్లు సుమారు 45 శాతం, 65 లోపువాళ్లు 12 శాతం, ఆడవాళ్లు 71 శాతం. 2016 నాటికి 85 దాటినవాళ్లు 39 శాతం దరిదాపుల్లో, 65 లోపువాళ్లు 16.5 శాతం, ఆడవాళ్లు 65 శాతం లోపు. దేశంలో 85 దాటినవాళ్లు పెరుగుతుంటే హోముల్లో వాళ్ల వాటా తగ్గింది. మొత్తం సంఖ్యా పెరగలేదు: 1985లో దాదాపు 15 లక్షలు, 2004లోనూ దాదాపు 15 లక్షలు, 2016కి 13.5 లక్షల దగ్గర.

(2004ది నమూనా సర్వే. 2016ది ఎక్కువగా ప్రభుత్వ రికార్డుల నుంచి తీసింది. ఒకటి రెండు శాతాల తేడా మీద వాదన కట్టకండి. ఇక్కడ తేడా అంతకంటే పెద్దది.)

ఎందుకంటే 85 దాటి, సాయం కొద్దిగానే కావలసినవాళ్లు వేరే చోట్లకి వెళ్లారు. 1981లో వచ్చిన మెడికెయిడ్ (పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా) మినహాయింపుతో ఇంటి దగ్గరి సేవలకి డబ్బు రావడం మొదలైంది, 80ల తర్వాత అసిస్టెడ్ లివింగ్ (కొద్దిపాటి సాయంతో ఉండే నివాసాలు) విస్తరించింది. 1999లో ఓమ్‌స్టెడ్ కేసులో, వికలాంగుల్ని అవసరం లేకుండా సంస్థల్లో ఉంచడం వివక్షేనని సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. మరోవైపు 1983లో ఆసుపత్రులకి రోగనిర్ధారణని బట్టి గంపగుత్తగా చెల్లించడం మొదలయ్యాక, రోగుల్ని త్వరగా పంపేయడం ఆసుపత్రికి లాభమైంది. పూర్తిగా కోలుకోని నడివయసువాళ్లూ హోములకి వచ్చారు. పెద్ద మానసిక ఆసుపత్రులు మూతపడ్డాక ఆ రోగుల్లో కొందరికి నర్సింగ్ హోమే ఆశ్రయమైంది. 1987 చట్టంలో తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవాళ్లని చేర్చుకునే ముందే పరీక్షించాలన్న నిబంధన పెట్టింది అందుకే.

#9 · షిఫ్ట్ ఇన్‌ఛార్జి

ఆడవాళ్లు 71 నుంచి 65కి తగ్గడం కేవలం అంకె కాదు. ఇద్దరుండే గదులున్న హోములో మగవాళ్ల మంచం ఒకటి ఖాళీ, ఆడవాళ్ల చేరిక ఒకటి ఎదురుచూపు. మొత్తం ఖాళీలున్నా చేర్చుకోలేరు. ఒకరిని చేర్చుకోవడానికి ముగ్గురి గదులు మార్చాల్సి వస్తుంది, డిమెన్షియా ఉన్నవాళ్లకి ఆ మార్పే గందరగోళం.

బరువూ అంతే. మామూలు మంచం వెడల్పు 90 సెంటీమీటర్ల దగ్గర. భారీకాయులకి 105 నుంచి 120, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మంచం కొన్నాక అది తలుపులో పట్టదని తేలుతుంది. హాయిస్టు (మనిషిని లేపే యంత్రం) మీద రాసి ఉన్న బరువు పరిమితీ, స్లింగ్ (దానికి తగిలించే జోలె) పరిమితీ వేరువేరుగా ఉంటే తక్కువ ఉన్నదే అసలు పరిమితి. ఇద్దరు పట్టి లేపాల్సిన నివాసితులు ఎందరన్న అంకె సగటు వయసు కంటే వెయ్యి రెట్లు పనికొస్తుంది. రాత్రి షిఫ్టులో ఇద్దరే ఉంటే, ఒకరిని లేపుతున్నంతసేపూ మిగతా అంతస్తుకి ఎవరూ లేనట్టే.

#10 · ఏటిగట్టు

నా మాట వెనక్కి తీసుకుంటున్నా. అయితే అన్ని దేశాల్లోనూ 85 దాటినవాళ్ల వాటా తగ్గుతోందా?

#11 · సర్వే పాతకాపు

లేదు. గుమ్మం దగ్గర నియమం ఏమిటన్నదాన్ని బట్టి ఉంటుంది. జపాన్‌లో 2000 ఏప్రిల్‌లో దీర్ఘకాల సంరక్షణ బీమా మొదలైంది. అవసరాన్ని 1 నుంచి 5 స్థాయిలుగా లెక్కిస్తారు. 2015 ఏప్రిల్ నుంచి ప్రత్యేక సంరక్షణ గృహాల్లో కొత్త చేరికలు సాధారణంగా 3, ఆ పైస్థాయి వాళ్లకే. నియమం మారిన మర్నాడు జాబితా ఏమీ మారదు, లోపల ఉన్న 1, 2 స్థాయిల వాళ్లు ఉంటారు. వాళ్లు వెళ్లేకొద్దీ ఏళ్ల మీద సగటు స్థాయి పైకి జరుగుతుంది. నెదర్లాండ్స్ 2013 నుంచి తక్కువ అవసరమున్న కొత్తవాళ్లకి సంస్థాగత సంరక్షణ ఆపుకుంటూ వచ్చి, 2015లో కొత్త దీర్ఘకాల సంరక్షణ చట్టం తెచ్చింది. డెన్మార్క్ 1987 చట్టంతో పాతరకం హోములు కట్టడమే మానేసింది.

అందుకే గ్రాఫు గీసేముందు కింద కాలరేఖ మీద నియమాలు మారిన తేదీలు రాయండి. మార్పు ఆ తేదీ తర్వాత నెమ్మదిగా పాకితే నియమం వల్ల వచ్చినదై ఉండొచ్చు. ఆ తేదీనే నిట్టనిలువుగా ఎగిరితే ఫారం మారిందని అనుమానించండి.

#12 · కోడింగ్ గుమస్తా

ఆ చివరి వాక్యం మీద ఇంకాస్త చెప్పాలి, నా అభిప్రాయంలో సగం "మార్పులు" ఇవే.

జర్మనీలో 2017 జనవరి 1న మూడు స్థాయిల సంరక్షణ కొలత ఐదు గ్రేడులైంది. పాత 1వ స్థాయిలో శరీర అవసరం మాత్రమే ఉన్నవాళ్లు తమంతట తాము గ్రేడ్ 2లోకి, డిమెన్షియా లాంటి ఇబ్బందులు నమోదైనవాళ్లు గ్రేడ్ 3లోకి వెళ్లారు. రాత్రికి రాత్రి ఎవరి ఆరోగ్యమూ చెడలేదు. 2015, 2017 అంకెల్ని పక్కపక్కన పెట్టి గీత గీస్తే మాత్రం దేశమంతా కుప్పకూలినట్టుంటుంది.

అమెరికా మదింపు ఫారం ఎమ్‌డీఎస్. 2010 అక్టోబరులో 3.0 రూపం వచ్చింది. రోజువారీ పనులకి పాత జీ విభాగంలో 0 అంటే స్వతంత్రం, 4 అంటే పూర్తిగా ఇతరుల మీద ఆధారం. 2023 అక్టోబరులో ఆ విభాగం తీసేశారు. మిగిలిన జీజీ విభాగంలో 6 అంటే స్వతంత్రం, 1 అంటే పూర్తి ఆధారం. దిశే తలకిందులు. దానికి తోడు జీజీలో 88 అన్న కోడు ఉంది, ఆరోగ్యం అనుకూలించక ఆ పని చేయించలేదని అర్థం. జ్ఞాపకశక్తి పరీక్ష బిమ్స్ 0 నుంచి 15 దాకా, పరీక్ష పూర్తి చేయలేకపోతే 99. 88నీ 99నీ అంకెలుగానే కూడి సగటు తీస్తే, అందరికంటే బలహీనమైన మనిషి అందరికంటే తెలివైనవాడిగా తేలతాడు! ముందు ప్రతి గడిలో ఏ విలువలు ఎన్నిసార్లు వచ్చాయో పట్టిక తీయండి, తర్వాతే సగటు.

డబ్బు ముడిపడితే ఇంకో కథ. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ పాత చెల్లింపు పద్ధతిలో వారానికి థెరపీ 720 నిమిషాలకి చేరితే అన్నిటికంటే పై శ్రేణి. 720కి చేరీ చేరగానే ఆగిన రికార్డులు కుప్పలుగా ఉండేవి. 2019 అక్టోబరులో పద్ధతి మారి నిమిషాలకి విలువ పోగానే థెరపీ తగ్గింది. రోగుల మోకాళ్లు అక్టోబరులో బాగుపడలేదు. అలాగే మనోవ్యాధి మందుల వాడకాన్ని కొలిచే సూచికలో స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లని వదిలేస్తారు. ఆ సూచిక వచ్చాక స్కిజోఫ్రీనియా రాయడం పెరిగింది. చివరికి 2023 జనవరిలో ఆ కోడింగ్ మీద తనిఖీలు చేస్తామని ప్రభుత్వమే ప్రకటించింది. జబ్బుల పట్టికలో ఏదైనా గీత పెరుగుతుంటే, అది రాస్తే ఎవరికి లాభమో ముందు అడగండి.

#13 · మనోరోగ వార్డు

అన్నీ కోడింగే అనడం కూడా అతి అండీ. చూడవలసిన చోట చూస్తే నిజమైన మార్పు కనిపిస్తుంది. 1963లో సిడ్నీ కాట్జ్ బృందం చూపించిన వరుస ఉంది: మనిషి మొదట స్నానంలో స్వతంత్రం కోల్పోతాడు, తర్వాత బట్టలు, మరుగుదొడ్డి, మంచం దిగి కుర్చీలోకి మారడం, చివరగా తినడం. హోములో దాదాపు అందరికీ స్నానానికి సాయం కావాలి, కాబట్టి ఆ అంకె పైకప్పుకి తగిలి ఆగిపోతుంది. మీ పదేళ్ల రికార్డులో మార్పు వెతకాల్సింది తినడంలో, మంచంలో పక్కకి తిరగడంలో. ఇవి చివర పోయే సామర్థ్యాలు. నోట్లో పెట్టి తినిపించాల్సినవాళ్లు 8 నుంచి 16 అయితే భోజనం వేళ ఎంతమంది చేతులు కావాలో షిఫ్ట్ ఇన్‌ఛార్జి గారిని అడగండి.

#14 · లెక్కల మాస్టారు

నిజమే. అందుకే కోడింగా నిజమా అని వాదించుకోకుండా మార్పుని ముక్కలు చేయాలి. 1955లో ఎవెలిన్ కిటగావా ఇచ్చిన పద్ధతి కాలిక్యులేటర్‌తో అయిపోతుంది.

ఊహాలెక్క. మొదటి ఏడాది స్వల్పకాలం వాళ్లు 20 శాతం, మనిషికి రోజుకి 4.0 గంటల సంరక్షణ. దీర్ఘకాలం వాళ్లు 80 శాతం, 3.0 గంటలు. సగటు 3.20. పదో ఏడు 40 శాతం, 4.2 గంటలు, 60 శాతం, 3.4 గంటలు. సగటు 3.72. తేడా 0.52 గంట.

వాటాల మార్పు వల్ల: 0.2 × 4.1 = 0.82, దాని నుంచి 0.2 × 3.2 = 0.64 తీస్తే 0.18. (4.1, 3.2 రెండు ఏళ్ల గంటల సగటులు.)
ఒక్కో గుంపులో అవసరం పెరగడం వల్ల: 0.2 × 0.3 = 0.06, 0.4 × 0.7 = 0.28, కలిపి 0.34. (0.3, 0.7 రెండు ఏళ్ల వాటాల సగటులు.)

0.18 + 0.34 = 0.52. సరిపోయింది. అంటే మూడింట ఒక వంతు "వేరేరకం మనుషులు రావడం", రెండు వంతులు "అదేరకం మనుషులకి ఎక్కువ అవసరం". కోడింగ్ గుమస్తా గారి అనుమానం పరీక్షించాల్సింది ఆ 0.34 మీద, 0.18 మీద కాదు.

#15 · పడకల పద్దు

రికార్డులో చేరిన తేదీ, వెళ్లిన తేదీ, ఎక్కడికి వెళ్లారు, పుట్టిన ఏడాది ఉన్నాయి. ఆసుపత్రికి వెళ్లి పది రోజులకి తిరిగొచ్చినవాళ్లకి కొత్త నంబరు ఇచ్చారు. 2020 దగ్గర అంతా చిందరవందర. ఎక్కడ మొదలుపెట్టాలి?

#16 · కోడింగ్ గుమస్తా

నంబర్ల దగ్గరే. మనిషికి ఒకే గుర్తింపు ఇచ్చి, రెండు బసల మధ్య ఖాళీ 30 రోజుల లోపైతే కలిపి ఒకే బసగా రాయండి. 30 బదులు వేరే అంకె పెట్టుకున్నా ఫరవాలేదు, పదేళ్లకీ ఒకటే ఉండాలి. ఇది చేయకపోతే ఆసుపత్రికి పంపడం పెరిగిన ఏడాది చేరికలు పెరిగినట్టు, నివాసకాలం తగ్గినట్టు అబద్ధపు చిత్రం వస్తుంది. తర్వాత స్వల్ప, దీర్ఘ విభజన. అమెరికా నాణ్యతా సూచికల్లో హోములో గడిపిన రోజులు మొత్తం 101కి చేరితే దీర్ఘకాలం. చేరిన రోజున ఎవరు ఏ గుంపో తెలియదు కాబట్టి, చివరి 100 రోజుల్లో వచ్చినవాళ్లని ఇంకా తేలనివాళ్లుగా పక్కన ఉంచండి.

ప్రతి ఏటికీ మూడు పట్టికలు: ఆ ఏడాది చేరినవాళ్లు, వెళ్లినవాళ్లు (ఇంటికి, ఆసుపత్రికి, వేరే హోముకి, మరణం), నివాసిత-రోజులు (ఏడాదిలో ఒక్కో రోజు ఉన్నవాళ్ల సంఖ్యల మొత్తం). ఒక్కరోజు జాబితా బదులు నివాసిత-రోజులతో భాగిస్తే, ఎంచుకున్న తేదీన పండగకి ఇంటికి వెళ్లినవాళ్ల వల్ల వచ్చే తేడా కూడా పోతుంది.

#17 · సర్వే పాతకాపు

2020ని విడిగా పెట్టండి. మహమ్మారిలో రెండు పనులు ఒకేసారి జరిగాయి: బాగా బలహీనంగా ఉన్నవాళ్లు ఎక్కువగా పోయారు, కొత్త చేరికలు ఆగాయి. చేరికలు ఆగితే లోపల ఉన్నవాళ్లు "చేరి ఎన్నాళ్లయింది" అన్న సగటు తానంతట తానే పెరుగుతుంది, ఎవరూ ఎక్కువకాలం ఉండకపోయినా. తలుపులు తెరిచాక కొత్తవాళ్లు ఒక్కసారిగా వస్తే అదే సగటు పడిపోతుంది. 2019కీ 2021కీ మధ్య గీత గీసి దాన్ని ధోరణి అనకండి.

#18 · షిఫ్ట్ ఇన్‌ఛార్జి

ఒక చిన్న గుంపు మిగిలింది. ఇంట్లో చూసుకునేవాళ్లకి విశ్రాంతి కోసం వారం, పది రోజులు వచ్చి వెళ్లేవాళ్లు. ఏడాదికి నాలుగైదు సార్లు వస్తారు. 30 రోజుల నియమం వీళ్లకి పెడితే రెండు విడిది బసలు ఒకటిగా అతుక్కుపోతాయి. వీళ్లని కోలుకోవడానికి వచ్చినవాళ్లతోనూ కలపకండి, మళ్లీ మళ్లీ వచ్చే ఒకే మనిషి ఐదుగురిగా లెక్కకి వస్తాడు. వేరే గడి పెట్టండి. అందులో మనుషులు ఎందరు, బసలు ఎన్ని అని రెండు అంకెలు. వీళ్లలో ఎవరి బసల మధ్య ఖాళీ తగ్గుతూ వస్తోందో విడిగా గుర్తుపెట్టండి, వచ్చే ఏడాది దీర్ఘకాల చేరికల్లో వాళ్ల పేర్లు కనిపించే అవకాశం ఎక్కువ.

#19 · పడకల పద్దు

నంబర్లు కలపడం మొదలుపెట్టా. ఒకే మనిషి పుట్టిన ఏడాది మూడు బసల్లో మూడు రకాలుగా ఉంది.

#20 · కోడింగ్ గుమస్తా

మొదటిసారి చేరినప్పుడు గుర్తింపు కార్డు చూసి రాసినదుంటే అదే తీసుకోండి. లేకపోతే రెండు బసల్లో ఒకటిగా ఉన్నది. మూడూ వేరైతే వయసు గడి ఖాళీగా వదిలేయండి, సగటు మాత్రం తీయకండి.